మొలక అడిగే ఐదు ప్రశ్నలు

"ఐదింటికి ఆవిణ్ణి స్టేషనుకి తీసుకెళ్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈలోపు మీ ముచ్చట తీర్చుకోండి గురూగారూ."

డిటెక్టివ్ గోడ గడియారం చూశాడు. మూడున్నర.

ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆయన చేతి కిందే పని నేర్చుకున్నాడు. ఆయన రిటైరయ్యాక ఇతని ఫొటో రెండుసార్లు పేపర్లో పడింది. రెండోసారి పడిన పేజీని డిటెక్టివ్ చదవకుండా మడిచి చెప్పుల అరలో పరిచాడు. ఇంట్లో ఆవిడ చూసి నవ్వింది. ఆయన నవ్వలేదు.

వచ్చిన పని చిన్నదేం కాదు. ఈ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తారు. ఒక మందుల గోదాంకి వీళ్లు రాసిచ్చిన ప్రోగ్రాం అక్కడి గదుల్లో చలి ఎంతుండాలో చూసుకుంటుంది. వారం కింద ఎవడో బయటివాడు ఆ ప్రోగ్రాంలోకి దూరి చలి ఆపేశాడు. తెల్లారేసరికి ఒక గదిలో టీకాలన్నీ నీళ్లతో సమానమైపోయాయి. వాడు ఎలా దూరాడని వెతికితే ప్రోగ్రాం లోపల ఒక దొంగ తలుపు బయటపడింది. దాన్ని అక్కడ పెట్టింది మనిషి కాదు. మొలక.

మొలక ఈ ఆఫీసులోనే పుట్టిన పనిముట్టు. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెరమీద మొలక అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఐదు ప్రశ్నలు అడుగుతుంది. జవాబులు చెప్పగానే కొత్త ప్రోగ్రాంకి కావలసిన ఫోల్డర్లు, మొదటి ఫైళ్లు, తాళాలు అన్నీ ఒక మూసలోంచి తీసి పరిచేస్తుంది. రెండు రోజుల పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎవరో ఆ మూసలోనే దొంగ తలుపు పెట్టారు. అప్పట్నుంచి మొలిచిన ప్రతిదానికీ ఆ తలుపు వచ్చింది. గోదాంది కాక ఇంకో రెండు దొరికాయి. మూడూ మూసేశారు.

మూసని మార్చింది మూడు వారాల కింద, ఒక మంగళవారం మధ్యాహ్నం. మొలకని తయారుచేసిన ఆవిడ కంప్యూటర్లోంచి, ఆవిడ పాస్‌వర్డ్‌తో.

ఆవిణ్ణి ఆఫీసులో అందరూ మొలకమ్మ అంటారు.

* * *

మొలకమ్మ బల్ల కిటికీ పక్కన ఉంది. పోలీసులు కంప్యూటరుకి సీలు వేశారు గాని మిగతావి కదపలేదు. డిటెక్టివ్ వంగి చూశాడు. మౌసు ఎడమవైపు ఉంది. కుర్చీ బాగా పైకెత్తి ఉంది. కింద కాళ్లు పెట్టుకోవడానికి ఒక చెక్కపీట.

"మీది ఎడమచెయ్యా?"

"అవునండీ," అంది మొలకమ్మ. పొట్టి మనిషి. రెండు రాత్రులుగా నిద్రపోయినట్టు లేదు.

"ఆ రోజు మీరు తిరిగొచ్చేసరికి ఇవన్నీ ఇలాగే ఉన్నాయా?"

"ఇలాగే ఉన్నాయి. కుర్చీ కాస్త దిగినా నాకు కూచోగానే తెలిసిపోతుంది. గడ్డం వచ్చి బల్లకి తగులుతుంది."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "విన్నారుగా. ఇంకోడు కూచుంటే కుర్చీ దించుకుంటాడు, మౌసు కుడివైపుకి లాక్కుంటాడు. ఇక్కడ ఏదీ కదల్లేదు. అంటే కూచున్నది ఈవిడే."

"లేకపోతే లేచేటప్పుడు మళ్లీ సర్దినవాడు."

"పరాయివాడికి అంత గుర్తెక్కడ ఉంటుందండీ?"

"పరాయివాడని నేనన్నానా?"

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగింది.

"ఆ టైములో ఎక్కడున్నారమ్మా?" అని అడిగాడు డిటెక్టివ్.

"పైమెట్ల మీద. తలనొప్పి. వెలుతురు పడట్లేదు. కళ్లు మూసుకుని కూచున్నాను."

"మిమ్మల్నెవరైనా చూశారా?"

"కళ్లు మూసుకున్నానని చెప్పాను కదండీ."

ఆ మధ్యాహ్నం గోదాం వాళ్లు వచ్చారని యజమాని ఆఫీసు మొత్తాన్ని హాల్లో కూచోబెట్టాడు. రానిది ఇద్దరే. ఒకరు మొలకమ్మ. రెండోది ఆవిడ భర్త. ఆయనది కూడా ఇక్కడే పని. అందరూ మాస్టారు అంటారు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ని పక్కకి పిలిచాడు. "మరి మాస్టారి సంగతి?"

"అది మొదటిరోజే చూశాను. ఆయనకి మొలక రాదు. పంతం. రెండేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు, ఆఫీసంతా చెప్తుంది. మూస మార్చాలంటే దాని లోపలా బయటా తెలిసుండాలి. ముట్టుకోనివాడు ఎలా మారుస్తాడు?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "అయినా మిమ్మల్ని పిలిపించుకున్నదే ఆయన. ఇంకెవరూ దొరకనట్టు ఆయన్నే పట్టుకుంటారా? మీ కాలంలో ఇలాగే చేసేవారా?"

"నా కాలంలో నువ్వు టీ తెచ్చేవాడివి," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ఫోను తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. డిటెక్టివ్ మొలకమ్మ దగ్గరికి వచ్చాడు.

"మొలక అడిగే ప్రశ్నల వరస మార్చొచ్చా?"

"మార్చొచ్చు. ఎందుకండీ?"

"మొదటిది చివరికి. చివరిది మొదటికి."

"కాఫీ తాగినంత సేపు పని. నా కంప్యూటర్ ముట్టుకోనివ్వరు. యజమాని దాంట్లోంచి చెయ్యాలి."

"యజమానిని పక్కనే కూచోబెట్టుకుని చెయ్యండి. మీరిద్దరూ తప్ప ఎవరికీ తెలియకూడదు."

"మా ఆయనకి కూడానా?"

ఆవిడ డిటెక్టివ్ మొహంలోకి చూసింది. తరవాత ఇంకేమీ అడగకుండా లేచి వెళ్లింది.

* * *

మాస్టారు పొడుగు మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. చిన్న గదిలో ఎదురెదురుగా కూచున్నారు.

"ఏమైనా తేలిందా అండీ? ఐదింటికి తీసుకెళ్తారట. ఆవిడ ఇలాంటి పని చేసే మనిషి కాదు."

"మొలక గురించి చెప్పండి."

"నన్నడుగుతారేంటి. దాని మొహం నేను చూళ్లేదు."

"రెండేళ్లుగా?"

"రెండేళ్లుగా. నా పని నేను చేత్తోనే పరుచుకుంటాను. ప్రతి ఫోల్డరూ, ప్రతి ఫైలూ."

"ఎందుకని?"

"అలవాటు."

డిటెక్టివ్ మాట్లాడలేదు. మాట్లాడకుండా కూచోవడం ఆయనకి బాగా వచ్చు. ఎదటివాడికి అది చేతకాదు. కాసేపటికి మాస్టారే మొదలుపెట్టాడు.

"ఇక్కడ కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటిరోజు నా బల్ల దగ్గరికే వచ్చేవాడండీ. మాస్టారూ, కొత్త పని మొదలెట్టాలి, ఎలా పరచాలి, అని. పక్కన కుర్చీ వేసి చెప్పేవాణ్ణి. మాస్టారనే పేరు అలా వచ్చిందే. మా ఆవిడకి నేర్పిందీ నేనే. అప్పుడావిడకి ఎంటర్ ఎక్కడుందో కూడా తెలీదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడా కుర్చీలో నా బ్యాగు కూచుంటోంది." నవ్వాడు. "మొలకనడిగితే విసుక్కోదు కదండీ. మరి నా దగ్గరికెందుకొస్తారు?"

"వచ్చే నెలనుంచి మీ ఆవిణ్ణి అందరిమీదా పెద్దని చేస్తున్నారట."

"చేస్తున్నారు. నామీద కూడా. యజమాని అందరి ముందూ చెప్పాడు."

"మీరేం చేశారు?"

"చప్పట్లు కొట్టాను. అందరూ ఆపేశాక కూడా కొట్టాను."

"ఆ మంగళవారం హాల్లోకి ఎందుకు వెళ్లలేదు?"

"అక్కడ గోదాం వాళ్లకి మొలకని చూపిస్తున్నారు. నన్నెవరు పిలిచారు?"

"అందర్నీ రమ్మన్నారు కదా."

"అందర్నీ రమ్మన్నారు. నన్ను పిలవలేదు."

ఆ మాటకి డిటెక్టివ్ తల పైకెత్తాడు. చెప్పుల అర గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఈ మనిషిమీద ఆయనకి జాలేసింది. పని మానేసేంత జాలి మాత్రం కాదు.

"అయినా ఆవిణ్ణి విడిపించమని నాకు కబురు పెట్టారు."

"మా ఆవిడ కదండీ," అన్నాడు మాస్టారు మెల్లగా. అది అబద్ధం కాదు. డిటెక్టివ్‌కి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అదే చిక్కు.

* * *

నాలుగున్నరకి అందరూ యజమాని గదిలో చేరారు. యజమాని తన ల్యాప్‌టాప్ బల్ల మధ్యలో పెట్టి దూరంగా జరిగాడు. మొలకమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

"దొంగ తలుపు కథ రెండు రోజులుగా వింటున్నాను," అన్నాడు డిటెక్టివ్. "మొలక మొలవడం నేనింకా కళ్లతో చూళ్లేదు. ఇన్‌స్పెక్టరుగారూ, ముందు నువ్వు కానివ్వు."

"నేనా? నాకేం వచ్చు?"

"అందుకే."

ఇన్‌స్పెక్టర్ చిరాగ్గా కూచున్నాడు. ఒక్క వేలితో మొలక అని కొట్టాడు. తెరమీద ప్రశ్న వచ్చింది. పైకి చదివాడు.

"ఈ పని చేస్తున్నదెవరు? ఎవరేంటి, ఎదురుగా నేను కనపట్టం లేదా దీనికి?" ఇన్‌స్పెక్టర్ అని కొట్టాడు. "ఏ భాషలో రాస్తారు? నాకొచ్చింది ఒకటే."

"ఏదో ఒక అంకె నొక్కండి సార్," అన్నాడు యజమాని.

"నొక్కాను. డేటాబేసు కావాలా? అంటే ఏంటది? సరే, కావాలి. ఊరికే వస్తుంటే ఎందుకొద్దనాలి. పరీక్షలు పెట్టనా? వద్దు, చిన్నప్పుడే చాలా అయ్యాయి. ప్రాజెక్టు పేరేంటి?" కేసు అని కొట్టాడు.

తెరమీద వరసగా ఫైళ్ల పేర్లు దొర్లాయి. చివర్న రెండు లైన్లు నిలబడ్డాయి. ప్రాజెక్టు పేరు: కేసు. చేస్తున్నది: ఇన్‌స్పెక్టర్.

"చాలా? ఇక ఆవిణ్ణి తీసుకెళ్లొచ్చా?"

"మాస్టారు కూడా ఒకసారి చెయ్యాలి."

"నాకు రాదన్నాను కదండీ."

"ఇన్‌స్పెక్టర్‌కీ రాదు. చేశాడుగా."

మాస్టారు భార్య వంక చూశాడు. ఆవిడ నేలచూపులు చూస్తోంది. ఆయన కూచుని కళ్లద్దాలు దించుకున్నాడు. మొలక అని అక్షరం అక్షరం వెతుక్కుంటున్నట్టు కొట్టాడు. ఎంటర్ మీదికి వేలు వెళ్లింది. సరిగ్గా అప్పుడే డిటెక్టివ్ పక్కనుంచి అన్నాడు.

"వచ్చే నెలనుంచి సెలవు కావాలన్నా మీ ఆవిణ్ణే అడగాలన్నమాట. మేడమ్ అంటారా, పేరు పెట్టి పిలుస్తారా?"

మాస్టారు గిర్రున తల తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు మీరు ఆవిడ గొప్ప చెప్పక్కర్లేదు. ఆవిడ చేతిలో మొదటి పుస్తకం పెట్టింది నేను. మొదటి ప్రోగ్రాంలో నూటికి నూరు తప్పులు దిద్దింది నేను. ఇవాళ ఎవడో వచ్చి..."

ఆయన డిటెక్టివ్ కళ్లలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. వేళ్లు మాత్రం ఆగలేదు. ఒక మాట, ఎంటర్. ఒక అంకె, ఎంటర్. అవును, ఎంటర్. వద్దు, ఎంటర్. ఇంకో మాట, ఎంటర్. తెరవంక ఒక్కసారి కూడా చూళ్లేదు. ప్రశ్న రావడానికి ముందే జవాబు వెళ్లిపోయింది.

ఫైళ్లు దొర్లాయి. రెండు లైన్లు నిలబడ్డాయి.

ప్రాజెక్టు పేరు: మాస్టారు. చేస్తున్నది: ట్రయల్.

మాస్టారు అప్పుడు తెరవైపు తిరిగాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"గంట కింది వరకు మొలక మొదట అడిగేది ప్రాజెక్టు పేరు," అన్నాడు డిటెక్టివ్. "చివర్న అడిగేది మనిషి పేరు. నేనే తిరగేయించాను. చదివి కొట్టేవాడికి ఏ తేడా రాదు. ఇన్‌స్పెక్టర్‌కి రాలేదు. చదవక్కర్లేనంతగా అలవాటైనవాడే పేర్లు తారుమారు చేస్తాడు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"నువ్వీయన్ని వదిలేసింది మొలక రాదనే కదా. హాల్లో లేనివాళ్లు ఇద్దరే. ఒకామెకి మొలక వచ్చు. ఒకాయనకి రాదనుకున్నావు. లేచేటప్పుడు కుర్చీ ఎంతెత్తులో ఉంచాలో, మౌసు ఏ పక్కన పెట్టాలో ఇంట్లో మనిషికి ఒకరు చెప్పాలా? పాస్‌వర్డు సంగతీ అంతే. రోజూ పక్కన కూచుని చూసే వేళ్లు."

"నేనూ అటువైపే వస్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరు కాస్త ముందొచ్చారంతే."

డిటెక్టివ్ ఆ మాట విననట్టే ఉన్నాడు.

మొలకమ్మ గోడ దగ్గర్నుంచి వచ్చి బల్ల ముందు నిలబడింది. ఆఫీసులో భర్తని ఎప్పుడూ మీరు అనే మనిషి.

"నువ్వు దీన్ని వాడుతున్నావా?"

మాస్టారు తల ఊపాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి నెలనుంచే. అందరూ వెళ్లాక."

"రోజూ?"

"కొత్త పని వచ్చినప్పుడల్లా."

"రెండేళ్లు. ఇంట్లో ఒకే బల్ల దగ్గర తింటున్నాం. బాగుందని ఒక్కసారి కూడా అనలేదేం?"

మాస్టారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాగుంది కాబట్టే," అన్నాడు.

ఆ తరవాత ఆయన్నెవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. "చిన్న తలుపండీ. దానివల్ల ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. కొన్నాళ్లు ఆగి నేనే కనిపెట్టి, అందరి ముందూ నేనే మూసి చూపించాలని. ఆవిడ మొలకలో లోపం ఉందని, మాస్టారు పట్టుకున్నాడని ఒక్కరోజు అనుకుంటే చాలు నాకు. ఈలోపే బయటివాడెవడో పట్టేశాడు. వాడెవడో నాకు తెలీదు. టీకాలు పోయాయని తెలిసిన రోజునుంచి నాకు ముద్ద దిగట్లేదు."

"నన్ను స్టేషనుకి తీసుకెళ్తామంటుంటే నీ నోరు పెగల్లేదు," అంది మొలకమ్మ.

"అందుకే కదా ఈయన్ని పిలిచింది. ఆ బయటివాణ్ణి పట్టుకుంటే నువ్వు బయటపడతావని."

"నువ్వు కూడా."

ఇన్‌స్పెక్టర్ లేచి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "పదండి. మిగతాది స్టేషన్లో మాట్లాడదాం."

"ఉండండి," అంది మొలకమ్మ.

ఆవిడ ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది. కోపం మొహంలోంచి దిగిపోయింది. దాని స్థానంలోకి వచ్చింది అంతకంటే చెడ్డదని డిటెక్టివ్‌కి అనిపించింది.

"కొత్త పని వచ్చినప్పుడల్లా అన్నావు. అంటే చేత్తో పరిచింది ఒక్కటీ లేదు."

"లేదు."

"మరి పిల్లల ఆసుపత్రి పని?"

మాస్టారు ఆవిడ వంక చూశాడు. చేతిలో కళ్లద్దాలు బల్లమీద పడ్డాయి.

"ఏ ఆసుపత్రి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈయన ఒక్కడే కూచుని చేసిన పని. వార్డుల్లో పిల్లలకి ఆక్సిజన్ ఎంత వెళ్లాలో చూసుకునే ప్రోగ్రాం. నిన్ననే అక్కడ నడవడం మొదలైంది." ఆవిడ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. "మీరు మొలకతో పుట్టినవే వెతికారు. మూడే దొరికాయి. ఈయనది ఎవరూ తెరిచి చూళ్లేదు. చేత్తో చేశాడు కదా అని. నేనూ చూళ్లేదు." ఆవిడ మళ్లీ భర్తవైపు తిరిగింది. "ఎప్పుడు మొదలెట్టావు దాన్ని?"

"గురువారం."

"ఏ గురువారం?"

"ఆ మంగళవారం తరవాతది."

"అందులోంచి ఆ దొంగ తలుపు పీకేశావా?"

"అలవాటుగా కొట్టేశాను. మూసలో నేను పెట్టింది ఆ టైముకి నాకే గుర్తురాలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆయన భుజం మీది చెయ్యి తీసేసి ఫోను అందుకున్నాడు. ఆసుపత్రి నంబరు యజమానిని అడిగాడు. యజమానికి వెంటనే గుర్తురాలేదు.

మొలకమ్మ ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుంది. నిలబడే టైపు చేసింది. ఆసుపత్రి ప్రోగ్రాం తెరుచుకుంది. పైన ఒక మూల, ఆ క్షణాన లోపల పని చేస్తున్నవాళ్లు ఎంతమందో కనిపిస్తుంది.

"అక్కడ ఎంతమంది ఉండాలి?" అని అడిగాడు డిటెక్టివ్.

"డ్యూటీ ఇంజనీరు. ఒక్కడు."

"ఎంతమంది ఉన్నారు?"

ఆవిడ తెర ఆయనవైపు తిప్పింది. రెండు.

"ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తట్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మళ్లీ చెయ్యి," అన్నాడు డిటెక్టివ్. గోడ గడియారం వంక ఆయన చూళ్లేదు. ఐదు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

మాస్టారు కుర్చీలోంచి లేవబోయాడు. మొలకమ్మ ఆయన్ని లేవనివ్వలేదు. ల్యాప్‌టాప్ ఆయన ముందుకి తోసింది.

"నేను వెతికేసరికి ఆలస్యమైపోతుంది. మొలక పరిచాక దీని లోపలంతా నువ్వే రాశావు, నీకే తెలుసు," అంది. "కూచో. వాణ్ణి బయటికి గెంటు."

మాస్టారు చేతులు ముందుకి చాపాడు. తెరమీద ఆ రెండోవాడు అప్పుడే నాలుగో వార్డు పేజీ తెరిచాడు.